స్ట్రాబెర్రీ బియ్యంలో ఎందుకు మాగలేదు?

పోయిన సంక్రాంతి సెలవులకు బిచ్కుంద పోతూ హైదరాబాద్‌లో రెండు డబ్బాల స్ట్రాబెర్రీలు కొన్నాను. నాయనమ్మ ఎప్పుడూ తినలేదు, చూపిద్దామని. పై వరుస ఎర్రగా నిగనిగలాడుతోంది. ఇంటికి పోయి విప్పితే కింద వరుస సగానికి సగం తెలుపు. నాయనమ్మ ఒకటి కొరికి మొహం ముడిచింది.

"పుల్లగున్నయి బిడ్డా. ఇంకా మాగలే. బియ్యంల పెట్టు, రెండు దినాలల్ల పండ్లయితయి."

మా ఇంట్లో ఇది పాత పద్ధతే. మా చేను గట్టు మీద రెండు సీతాఫలం చెట్లున్నాయి. దసరా ముందు నుంచి దీపావళి దాకా కాయలు తెంపి బియ్యం డ్రమ్ములో పెడతారు. రెండు మూడు రోజుల్లో చేతితో నొక్కితే విచ్చుకునేంత మెత్తబడతాయి. మామిడి కాయలకైతే వరిగడ్డి. మా ఊర్లోనే కాదు, మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే పద్ధతి అనుకుంటా.

నేను ఊరుకుంటే బాగుండేది. "ఎథిలీన్ అనే వాయువు వల్ల పండ్లు మాగుతాయి, మాగిన అరటిపండు పక్కన పెడితే ఇంకా తొందరగా మాగుతాయి" అని ఎక్కడో చదివిన ముక్క గుర్తొచ్చింది. ఇంగ్లీష్ మీడియం తెలివి చూపించి, ఒక అరటిపండు కూడా డ్రమ్ములో పెట్టాను.

మూడో రోజు మూత తీస్తే ఒకటే వాసన. సగం పండ్ల మీద బూడిద రంగు బూజు. రసం కారి చుట్టూ బియ్యం ఉండలు కట్టింది. అరటిపండు మాత్రం నల్లబడి, దాని పని అది చేసుకుంది. చెడిపోని నాలుగు స్ట్రాబెర్రీల్లో తెల్లగా ఉన్నవి కొంచెం ఎర్రబడ్డాయి. సంతోషంగా కొరికాను. అదే పులుపు.

నాయనమ్మ తడిసిన బియ్యం చేటలోకి తీస్తూ అడిగింది: "సీతాఫలం మాగుతది, మామిడి మాగుతది, అరటిగెల మాగుతది. గిదెందుకు మాగలే? నువ్వు సదువుకుంటున్నవ్ గద, జెప్పు."

"అది నాన్ క్లైమాక్టెరిక్ ఫ్రూట్ నాయనమ్మా" అన్నాను. అది జవాబు కాదని అన్నప్పుడే తెలిసింది. పేరు చెప్పాను, కారణం చెప్పలేదు. ఈ వ్యాసం ఆ కారణం కోసం నేను తిరిగిన దారి. నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని, బోటనీ చదవలేదు. కాబట్టి నాకు అర్థమైన భాషలోనే చెప్తాను.

ముదరడం వేరు, మాగడం వేరు

ముందుగా మన భాషలోనే ఉన్న ఒక సంగతి. పిందె, కసుగాయ, ముదురు కాయ, దోర, పండు. ఒకే చెట్టు మీది ఒకే వస్తువుకు వయసును బట్టి ఇన్ని పేర్లు. మన సిలబస్‌లో దీన్ని స్టేట్ మెషీన్ అంటారు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి పోవాలంటే ఒక షరతు తీరాలి. షరతు తీరకుండా దూకడం కుదరదు.

ఇందులో ముఖ్యమైన గీత "ముదరడం", "మాగడం" అనే రెండు మాటల మధ్య ఉంది. ముదరడం అంటే కాయ పూర్తిగా ఎదగడం, లోపల గింజ తయారవడం, చెట్టు ఇవ్వాల్సిన సరుకు ఇచ్చేయడం. మాగడం అంటే ఆ సరుకును తీపిగా, మెత్తగా, వాసనగా మార్చడం. మొదటిది చెట్టు మీదే జరగాలి. రెండోది కొన్ని కాయలకు చెట్టు దిగాక కూడా జరుగుతుంది.

నాయనమ్మ ఇది ఎక్కడా చదవలేదు, కానీ చేస్తుంది. సీతాఫలం తెంపేటప్పుడు కాయ మీద కండ్లు చూస్తుంది. కండ్ల మధ్య గీతలు వెడల్పయి, లేత పసుపు తెలుపు రంగు కనబడితేనే తెంపుతుంది. "కండ్లు తెరవని కాయ ఎన్నొద్దులు పెట్టినా పండదు, నల్లగయి గట్టిపడతది" అంటుంది. ఒక్కో కన్ను పువ్వులోని ఒక్కో ఫలదళం. అవి ఉబ్బి ఒకదాన్నుంచి ఒకటి దూరం జరగడమే కండ్లు తెరవడం. అంటే ఆమె చూస్తున్నది కాయ ముదిరిందా లేదా అనే షరతును.

తలకిందుల స్విచ్

ఇప్పుడు బియ్యం డ్రమ్ములో ఏం జరుగుతుందో చూద్దాం. ఎథిలీన్ చాలా చిన్న అణువు. రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే. ఇది మొక్కల మీద పనిచేస్తుందని 1901లో రష్యాకు చెందిన నెల్యుబోవ్ బఠాణీ మొలకల్లో గమనించాడు. పండ్లు తమంతట తామే దీన్ని తయారు చేస్తాయని 1934లో ఇంగ్లండ్‌లో గేన్ యాపిల్స్‌తో నిరూపించాడు.

కాయలో ఇది మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతుంది. మధ్యలో ఏసీసీ అనే మెట్టు ఉంది. ఈ దారిని 1979లో యాంగ్ బృందం బయటపెట్టింది. ఏసీసీని తయారుచేసే ఎంజైమ్ ఎంత ఉంటే ఎథిలీన్ అంత. పచ్చి కాయలో ఎథిలీన్ కొంచెమే ఉంటుంది, ఎక్కువైతే దాన్ని కాయే తగ్గించుకుంటుంది. ముదిరిన కాయలో తీరు మారిపోతుంది. ఎథిలీన్ వచ్చిన కొద్దీ ఇంకా ఎథిలీన్ తయారవుతుంది. మన భాషలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్. దాంతోపాటు కాయ శ్వాస ఒక్కసారిగా పెరిగి శిఖరానికి పోతుంది. ఆ శిఖరానికే క్లైమాక్టెరిక్ అని పేరు. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, టమాటా ఈ జాతి. బియ్యం చేసేది ఏమిటంటే ఆ వాయువు బయటికి పోకుండా కాయ చుట్టూ పట్టి ఉంచడం. వరిగడ్డీ అంతే. ఒక కాయ మాగితే దాని గాలికి పక్క కాయ మాగుతుంది.

ఇక నాకు బాగా నచ్చిన భాగం. ఎథిలీన్ సిగ్నల్ యాక్టివ్-లో. డిజిటల్ లాజిక్ ల్యాబ్‌లో రీసెట్ పిన్ గుర్తుందా? సున్నా ఇస్తేనే పనిచేస్తుంది. మొక్క కణంలో ఎథిలీన్‌ను పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఎథిలీన్ లేనప్పుడు అవి ఖాళీగా కూర్చోవు, పనిచేస్తూనే ఉంటాయి. సీటీఆర్1 అనే ప్రోటీన్‌ను నడిపిస్తూ, అది మాగే జన్యువుల దారిని మూసి ఉంచేలా చూస్తాయి. ఎథిలీన్ వచ్చి రిసెప్టర్‌లో కూర్చుంటే రిసెప్టర్ ఆగిపోతుంది, సీటీఆర్1 ఆగిపోతుంది, దారి తెరుచుకుంటుంది. అప్పుడు ఈఐఎన్2, ఈఐఎన్3 అనే ప్రోటీన్ల ద్వారా కబురు కేంద్రకంలోకి పోయి మాగే జన్యువులు మొదలవుతాయి. అంటే ఎథిలీన్ "మాగు" అని చెప్పట్లేదు. "ఆగు" అని అరుస్తున్న కాపలాదారు నోరు మూస్తోంది.

దీనికి రుజువు ఒక టమాటా. దాని పేరు నెవర్ రైప్. దాని రిసెప్టర్‌లో ఒక మార్పు వల్ల ఎథిలీన్ అందులో పట్టదు. కాపలాదారు ఎప్పటికీ ఊరుకోడు. చుట్టూ ఎంత వాయువు పెట్టినా ఆ టమాటా సరిగ్గా పండదు. ఈ జన్యువు ఏమిటో 1995లో తేలింది.

కాయ ముదిరిందని ఎవరు చెప్తారు?

మరి ఇక్కడ ఒక ప్రశ్న. పిందెకు కూడా రిసెప్టర్లు ఉన్నాయి. పిందెకు ఎథిలీన్ పెడితే ఎందుకు మాగదు? అంటే ఇంకో షరతు ఉంది. ఎథిలీన్ "మరియు" ముదిరిన స్థితి, రెండూ ఉండాలి. యాండ్ గేట్.

ఈ రెండో షరతు వెతుకులాట ఎక్కువగా టమాటాలో జరిగింది, ఎందుకంటే మొక్క చిన్నది, కాపు తొందరగా వస్తుంది, జీనోమ్ కూడా తెలుసు. 2012లో టమాటా జీనోమ్ బయటికి వచ్చినప్పుడు ఆ అంతర్జాతీయ బృందంలో మన దేశమూ ఉంది, ఐదో క్రోమోజోమ్ పని మనవాళ్లది. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రామేశ్వర్ శర్మ, యల్లమరాజు శ్రీలక్ష్మి గార్ల ల్యాబ్ ఏళ్లుగా ఈ పని మీదే ఉంది. గింజలకు రసాయనంతో మార్పులు తెచ్చి, వేల మొక్కలు పెంచి, ఏ మొక్కలో ఏ జన్యువు మారిందో డీఎన్ఏలో వెతుకుతారు. ఈ పద్ధతి పేరు టిల్లింగ్. బగ్ రిపోర్ట్ రాకముందే కోడ్‌లో తప్పులు పెట్టి ఏది ఆగిపోతుందో చూడడం లాంటిది.

ఈ కథలో పేరున్న జన్యువు రిన్. 1968లోనే ఒక మాగని టమాటాను గుర్తించారు. అది పెద్దదవుతుంది, గింజలు తయారవుతాయి, కానీ ఎర్రబడదు, మెత్తబడదు. బయటి నుంచి ఎథిలీన్ ఇచ్చినా మాగదు. 2002లో ఆ జన్యువును పట్టుకున్నారు. అది ఇతర జన్యువులను నడిపించే జన్యువు. దీంతో అందరూ "రిన్ లేకపోతే మాగడం మొదలే కాదు, ఇదే మాస్టర్ స్విచ్" అనుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో కూడా అలాగే ఎక్కింది.

2017లో జపాన్ శాస్త్రవేత్తలు క్రిస్పర్‌తో మామూలు టమాటాలో రిన్‌ను పూర్తిగా తీసేశారు. అందరి లెక్క ప్రకారం కాయ పచ్చగా ఉండిపోవాలి. అది కొంత ఎర్రబడింది! పూర్తిగా మాగలేదు గానీ, మొదలైతే అయింది. మరి పాత మొక్క ఎందుకు అస్సలు మాగలేదు? ఎందుకంటే అందులో రిన్ మాయమవలేదు. ఒక డీఎన్ఏ ముక్క ఊడిపోయి, రిన్ పక్క జన్యువుతో అతుక్కుని, ఒక కొత్త ప్రోటీన్ తయారైంది. ఆ కొత్తది మాగే జన్యువుల మీద కూర్చుని వాటిని అణిచేస్తోంది. ఫైలు డిలీట్ అయింది అనుకుని యాభై ఏళ్లు చూశారు, నిజానికి రెండు ఫైళ్లు కలిసిపోయి తప్పు ఫంక్షన్ నడుస్తోంది. మర్జ్ చేసేటప్పుడు ఇలాంటిది నాకూ జరిగింది కాబట్టి ఈ కథ చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

ముదిరిన స్థితి డీఎన్ఏ మీద ఒక గుర్తుగా కూడా ఉంటుంది. డీఎన్ఏ అక్షరాలకు మిథైల్ అనే చిన్న ముద్రలు అంటుకుని ఉంటాయి. పచ్చి కాయలో మాగే జన్యువుల ముందు ఈ ముద్రలు ఎక్కువ, అంటే తాళం వేసి ఉంది. కాయ ముదిరే కొద్దీ ఒక ఎంజైమ్ ఆ ముద్రలు తీసేస్తుంది. 2013లో శాస్త్రవేత్తలు ముద్రలు పడకుండా చేసే మందు పచ్చి టమాటాకు ఇచ్చి చూస్తే, గింజ తయారు కాకముందే కాయ మాగింది.

"గింజ తయారు కాకముందే" అన్న మాట గమనించండి. ఈ తాళం ఎందుకో అక్కడ తెలుస్తుంది. పండు తీపి మనకోసం కాదు, గింజను మోసుకుపోయే పిట్టకూ కోతికీ ఇచ్చే కూలి. పని తయారు కాకముందే కూలి ఇస్తే నష్టం. అందుకే గింజ సిద్ధమయ్యేదాకా కాయ పుల్లగా, వగరుగా, గట్టిగా ఉండి ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

స్ట్రాబెర్రీకి వేరే వైరింగ్

ఇప్పుడు మన నిందితుడి దగ్గరికి వద్దాం. ముందు ఒక ఆశ్చర్యం. స్ట్రాబెర్రీలో మనం తినే ఎర్రటి భాగం వృక్షశాస్త్రం లెక్కన పండే కాదు. అది పువ్వు అడుగున ఉండే పీఠం, పుష్పాసనం, ఉబ్బినది. పైన గింజల్లా కనబడే ఒక్కో చుక్క ఒక్కో అసలైన పండు, దాని లోపల ఒక గింజ.

1950లో నీచ్ అనే శాస్త్రవేత్త లేత స్ట్రాబెర్రీ మీది ఆ చుక్కలను ఒక్కొక్కటీ తీసేశాడు. కాయ పెరగడం ఆగిపోయింది. ఒక్క చుక్కను వదిలేస్తే దాని చుట్టూ మాత్రమే ఉబ్బింది. చుక్కలు తీసేసి ఆక్సిన్ అనే హార్మోన్ పూస్తే మళ్లీ పెరిగింది. అంటే పెరగమనే ఆజ్ఞ గింజల నుంచే వస్తోంది. తర్వాత 1980ల్లో ఇంకో సంగతి తేలింది. బాగా పెరిగిన పచ్చి కాయ మీది గింజలు తీస్తే అది త్వరగా ఎర్రబడుతుంది, ఆక్సిన్ పూస్తే ఆగుతుంది. పెరగమనే ఆజ్ఞే "ఇంకా మాగొద్దు" అనే ఆజ్ఞ కూడా! గింజ ముదిరాక ఆక్సిన్ పంపడం తగ్గిస్తుంది, అప్పుడు మాగడం మొదలు.

టమాటాలో ఎథిలీన్ చేసే పెద్ద పని ఇక్కడ ప్రధానంగా ఇంకో హార్మోన్ చేస్తుంది. దాని పేరు అబ్సిసిక్ ఆమ్లం, పొట్టిగా ఏబీఏ. ఎండలకు నీళ్లు లేనప్పుడు ఆకుల రంధ్రాలు మూయించే హార్మోన్ ఇదే. 2011లో చైనా శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం డీబగ్గింగ్ అంటే ఏమిటో చూపిస్తుంది. ఏబీఏ తయారుచేసే ఎన్‌సీఈడీ1 జన్యువు నోరు మూయించారు. కాయ ఎర్రబడలేదు. బయటి నుంచి ఏబీఏ ఇచ్చారు, ఎర్రబడింది. అంటే లోపం పంపేవాడిలో. తర్వాత ఏబీఏను అందుకునే పీవైఆర్1 జన్యువు నోరు మూయించారు. ఈసారి ఏబీఏ ఇచ్చినా ఎర్రబడలేదు. అంటే లోపం అందుకునేవాడిలో. నెట్‌వర్క్ పనిచేయనప్పుడు ముందు సర్వరా, క్లయింటా అని మనం తేల్చుకుంటాం కదా, అదే పద్ధతి.

ఏబీఏ కబురు అందాక ఎంవైబీ10 అనే జన్యువు మేల్కొంటుంది. ఇది రంగు డిపార్ట్‌మెంట్ మేనేజర్. పెలార్గోనిడిన్ అనే ఎర్ర రంగును తయారుచేసే జన్యువుల వరుసను నడిపిస్తుంది. అడవి స్ట్రాబెర్రీల్లో తెల్ల పండ్ల రకాలు ఉన్నాయి. వాటిలో ఈ ఒక్క జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారింది, ప్రోటీన్‌లో పన్నెండో అమైనో ఆమ్లం మారింది. పండు తెల్లగా ఉండిపోయింది. కానీ అది మెత్తబడుతుంది, తియ్యబడుతుంది. అంటే రంగు వేరే ఫంక్షన్, తీపి వేరే ఫంక్షన్. మా డ్రమ్ములో రంగు తేరి కూడా పుల్లగా ఉన్న స్ట్రాబెర్రీ గుర్తొచ్చి, అప్పుడు నాకు సగం జవాబు దొరికింది.

మనం కొనే తోట స్ట్రాబెర్రీలో ఇదంతా తేల్చడం అంత తేలిక కాదు. అది పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపాలో ఉత్తర అమెరికా రకం, చిలీ రకం కలిసి పుట్టింది. దానిలో క్రోమోజోములు 56, ఎనిమిది సెట్లు. ఒకే జన్యువుకు ఎనిమిది కాపీల దాకా ఉండొచ్చు. ఒకటి ఆపితే మిగతావి పని చేసేస్తాయి. అందుకే ముందు రెండే సెట్లున్న అడవి స్ట్రాబెర్రీ జీనోమ్ 2011లో చదివారు, తోట రకానిది 2019లో గానీ పూర్తి కాలేదు.

గాదె లేని ఇల్లు

మిగతా సగం జవాబు చాలా సాదా సంగతి. పచ్చి అరటికాయ గుజ్జులో దాదాపు 20 శాతం పిండి పదార్థం ఉంటుంది. మాగాక ఒకటి రెండు శాతమే మిగులుతుంది, మిగతాది చక్కెర అవుతుంది. మామిడి, సీతాఫలం కూడా పిండిని దాచుకున్న కాయలే. వాటి దగ్గర గాదె నిండా గింజలున్నట్టు. చెట్టు నుంచి తెంపినా ఇంట్లో సరుకుంది, వండుకుంటే చాలు. ఎథిలీన్ పొయ్యి వెలిగిస్తుంది.

స్ట్రాబెర్రీకి గాదె లేదు. పిందెగా ఉన్నప్పుడు ఉన్న కొద్ది పిండీ ముందే అయిపోతుంది. చివరి రోజుల్లో వచ్చే తీపంతా ఆకుల నుంచి తొడిమ గుండా ఏ రోజుకారోజు రావాల్సిందే. తొడిమ తెంపితే సరఫరా ఆగింది. అంతే. తర్వాత రంగు కొంచెం రావచ్చు, మెత్తబడవచ్చు, చక్కెర మాత్రం పెరగదు. ద్రాక్ష, బత్తాయి, నిమ్మ, దానిమ్మ కూడా ఈ లెక్కలోవే. చెట్టు మీద ఎంత తీపి ఉందో అంతే.

అందుకే స్ట్రాబెర్రీ వ్యాపారం కష్టం. పూర్తిగా పండినది మెత్తగా ఉండి దూరం పోలేదు. దూరపు మార్కెట్‌కు సగం, ముప్పావు రంగు రాగానే కోస్తారు. మహాబలేశ్వరం నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి మా బిచ్కుంద. ఆంధ్రలో లంబసింగి పోయినవాళ్లు అక్కడి స్ట్రాబెర్రీ తీపి వేరు అంటారు కదా, తోట పక్కనే తింటున్నారు కాబట్టి పండినదే కోసి ఇవ్వగలరు. దీనికి జన్యువుల దారిలో ఒక ప్రయత్నం 2002లో స్పెయిన్‌లో జరిగింది. కణాల మధ్య జిగురును కరిగించే పెక్టేట్ లయేజ్ అనే ఎంజైమ్ జన్యువును తగ్గిస్తే, పండు ఎర్రగా పండి కూడా గట్టిగా నిలిచింది. పండడాన్ని ఆపకుండా, మెత్తబడడాన్ని ఒక్కదాన్నే ఆపడం.

ఇది విదేశీ పండు ముచ్చట అనుకోకండి. మదనపల్లె టమాటా రైతు ధర పడిపోయిన రోజు పంటను రోడ్డు మీద పారబోసే ఫొటో మనందరం చూశాం. ఆ కాయ ఇంకో పది రోజులు నిలిస్తే ఆ ఫొటో ఉండకపోవచ్చు. ఇందుకోసం ఢిల్లీలోని జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ 2010లో రెండు ఎంజైములను తగ్గించి చాలా రోజులు గట్టిగా నిలిచే టమాటాను ప్రయోగశాలలో చూపించింది.

కార్బైడ్ సంగతి

నేను ఈ విషయం చెప్తుంటే మా రూమ్మేట్ "అంటే మార్కెట్‌లో గ్యాస్ పెట్టి మాగబెట్టేది కరెక్టే అంటావా?" అని అడిగాడు. ఇది విడదీసి చెప్పాలి.

మాగబెట్టే గదుల్లో వాడే ఎథిలీన్ కాయ తానే తయారుచేసుకునే అణువు. ఆహార భద్రతా నిబంధనలు దాన్ని 100 పీపీఎం దాకా అనుమతిస్తాయి. కాల్షియం కార్బైడ్ వేరు. దానికి తేమ తగిలితే అసిటలీన్ వస్తుంది. అది ఎథిలీన్‌లా నటించి అదే రిసెప్టర్‌ను మోసం చేస్తుంది, కానీ బలహీనంగా. అసలు ప్రమాదం ఏమిటంటే ఆ పొడిలో కల్తీగా ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాలు ఉంటాయి. పండ్లకు దీన్ని వాడడం దేశమంతా నిషేధం. అయినా ఆగలేదు కాబట్టే 2015లో అప్పటి ఉమ్మడి హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ప్రశ్నించింది.

కానీ ఇందులో ఇంకో మోసం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ముందు ధర కోసం ముదరని మామిడి కాయ తెంపి, మంచి ఎథిలీనే పెట్టారనుకోండి. తొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. లోపల గాదె నిండలేదు కాబట్టి తీపి రాదు, వాసన రాదు. విషం లేదు, పండూ లేదు. రంగు ఒక ఫంక్షన్, తీపి ఇంకో ఫంక్షన్ అని స్ట్రాబెర్రీ దగ్గర నేర్చుకున్న పాఠం ఇక్కడా అదే. మనం రంగు చూసి కొన్నన్ని రోజులు, ముదరని కాయ తెంపేవాడికి లాభమే.

హాస్టల్ మిత్రులకు నాలుగు ముక్కల్లో చెప్పాలంటే: గట్టి సపోటా, సీతాఫలం, మామిడి కొనొచ్చు, ముదిరిందైతే మాగుతుంది, పక్కన అరటిపండు పెడితే ఇంకా తొందరగా. మాగని సీతాఫలం ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి తొక్క నల్లబడి చెడిపోతుంది. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ, స్ట్రాబెర్రీ మాత్రం తినడానికి సిద్ధంగా ఉన్నవే కొనండి. డబ్బా కొనేముందు తిరగేసి కింద వరుస కూడా చూడండి. స్ట్రాబెర్రీ పక్కన అరటిపండు పెట్టకండి. నేను చేసి చూశాను.

నాయనమ్మకు చెప్పిన జవాబు

మొన్న ఎండాకాలం సెలవుల్లో మామిడి కాయలు గడ్డిలో పేరుస్తుంటే మళ్లీ ఆ మాట వచ్చింది. ఈసారి నేను క్లైమాక్టెరిక్ అనలేదు.

"నాయనమ్మా, సీతాఫలం తల్లి దగ్గర సద్ది కట్టించుకుని బయటపడ్డ పిల్ల. ఎక్కడ కూర్చున్నా విప్పుకుని తింటది. స్ట్రాబెర్రీకి సద్ది లేదు. తల్లి పెడ్తుంటేనే తింటది. తెంపితే ఆకలితోనే ఉంటది. బియ్యంల పెట్టినా, నేను గాలి పెట్టినా, అండ్ల ఏం లేకపాయె, ఏం మాగుతది?"

ఆమె కాసేపు ఆలోచించింది. చేతిలో ఉన్న కాయను తిప్పి, తొడిమ దగ్గర భుజాలు నిండాయో లేదో చూసి పక్కన పెట్టింది. అది ముదరలేదట.

"గట్లయితే దాన్ని తెంపినోనిదే తప్పు గదా" అంది. తర్వాత, "రెండు కిలోల బియ్యం పోయినయి. గీ ముచ్చట ముందే జెప్తే అయిపోవు."

నాకు ముందే తెలిస్తే కదా.